లతీఫా కుండీలో గోరీ మట్టి

భద్రాచలంలో మా గోడకు ఆనుకున్న ఇల్లే లతీఫాది. మంచి పనిమంతురాలు, మహా మొండిది. చీరలకు ఫాల్స్ కుడుతుంది, పండక్కి సేమ్యా పంపుతుంది, ఒకరి మాట మాత్రం వినదు. నేనూ తక్కువదాన్నేం కాదనుకోండి. ఒంటిమనిషిని. మా ఇంట్లో నా నోరు తప్ప ఇంకో చప్పుడు ఉండదు.

ఆమె భర్త మహబూబ్ అలీ వడ్రంగి. ఖమ్మం నర్సరీ నుంచి ఆమె కోసం ఊదారంగు ఆర్కిడ్ తెచ్చాడు. చిల్లుల కుండీలో చెట్టు బెరడు ముక్కలు, బొగ్గులు వేసి పెంచాడు. మట్టి తగలనిచ్చేవాడు కాదు. మొన్న ఎండాకాలం, చెక్కను నునుపు చేసే రందా పడుతూ పడుతూనే గుండె ఆగి పోయాడు.

వాళ్లలో ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు వెళ్లరు. మగవాళ్లే గోరీలో పిడికిళ్లతో మట్టి వేసి వస్తారు. "అందరు మట్టి ఇచ్చిండ్రు, నేనే ఇయ్యలే" అని లతీఫా ఏడ్చి ఏడ్చి, తమ్ముడు అజారుద్దీన్‌తో ఆ గోరీ మట్టి దస్తీలో కట్టించి తెప్పించుకుంది. ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఆయన చేతి మొక్క కదా అని ఆర్కిడ్ కుండీలో పోసేసింది.

ఆ మొక్క వేళ్లకు గాలాడాలి. మట్టిలో ఊపిరాడదు. వానలు మొదలయ్యేసరికి ఆకులు పసుపెక్కాయి, కుండీ దగ్గర కుళ్లు వాసన.

"ఓసి పిచ్చిదానా, ఆ మట్టి తీసెయ్! బెరడుల పెడితేనే బతుకుతది" అని గోడ మీంచి అరిచాను.

"తియ్య. మగ్రిబ్ నమాజు యాళ్లకు ఈడ కూసుంటే ఆయన రందా పట్టే చప్పుడు ఇనబడ్తది పద్మక్కా. కుండీలకెల్లి. సర్ర్... సర్ర్... మట్టి తీస్తే ఆయన పోతడు."

"నీ మొహం! సచ్చినోళ్లు రందా పడ్తరా?" అన్నాను గానీ, ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని చెవొగ్గి విన్నాను. నాకేమీ వినబడలేదు. ఆమె మాత్రం ఎవరో ఎదురుగా ఉన్నట్టు తలూపుతూ నవ్వింది. నాకు భయమేసింది.

చివరికి మొక్కకు రెండాకులు మిగిలాయి. ఒక పొద్దున తనే పిలిచింది.

"అక్కా, గిది సుత సచ్చిపోతే ఆయన చేతిది నాకేం మిగుల్తది? జల్దీ రా."

ఎప్పుడు ఒప్పుకుంటుందా అని బెరడు ముక్కలు నానబెట్టి, బొగ్గులు కడిగి నేను సిద్ధంగానే ఉన్నాను. కుండీ బోర్లించాం. పట్టుకుంటే వేళ్లు మెత్తగా జారిపోయాయి. కుళ్లినవి కత్తిరించి, గట్టివాటిని బకెట్లో కడిగి, కొత్త బెరడులో నిలబెట్టాం. అంతసేపూ లతీఫా పెదాలు దువా చదువుతూనే ఉన్నాయి. బకెట్ అడుగున ఆ మట్టి బురదై నిలిచింది.

"మోరీల పొయ్యకు అక్కా. ఎవరు తొక్కనికాడ పొయ్యి" అంది.

తెచ్చి మా పెరట్లో మల్లెపాదుకు పోశాను.

దసరా దాటాక మొక్కకు ఆకుపచ్చ మొనతో కొత్త వేరొచ్చింది. సంతోషపడుతుందనుకుంటే, కుండీ ఒళ్లో పెట్టుకుని భోరుమంది.

"ఇది బతికిందక్కా. ఆయనే పోయిండు. ఎంతసేపు కూసున్నా చప్పుడు లేదు."

"ఊకో తల్లీ. ఆయన నిమ్మళంగ నిద్రపోతుండు" అని తల నిమిరాను.

ఆయన నిద్రపోవడం లేదు. దీపాలు పెట్టే వేళకు మా మల్లెపాదులోంచి రోజూ వినబడుతున్నాడు. సర్ర్... సర్ర్... మొదట్లో తలుపేసుకునేదాన్ని. ఇప్పుడు పీట వేసుకుని కూర్చుంటున్నాను. లతీఫాకు చెప్పాలి. చెబితే ఆ మట్టి తవ్వుకుని పట్టుకుపోతుంది. పాపిష్టిదాన్ని, నాకేమో ఇవ్వబుద్ధి కావడం లేదు.