తుమ్మచెక్క నీళ్లు

మా అత్త పోయింది. ధర్మవరంలో ఆ మాట పాకేసరికి మా వీధి మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కర్మ అయ్యేదాకా వచ్చేపోయే వాళ్లతోనే సరిపోయింది. ఇప్పుడు ఇల్లు ఖాళీ. ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరికే కూర్చున్నాను.

మా పుట్టిల్లు పెనుకొండ. నాయనది నూలు మగ్గం, నాకు పట్టు పని తెలీదు. పెళ్లై వచ్చిన కొత్తలో పట్టును సోడా నీళ్లలో ఉడికించి జాడించీ జాడించీ నా చేతులు బీటలు వారాయి. ఏ పోగు పట్టుకున్నా వేలికి తగులుకుని తెగేది. పట్టు ముట్టలేని కోడలెందుకు, పుట్టింటికి పంపేయమని బంధువులు మా ఆయనకు చెప్పసాగారు. అత్త విననట్టే ఉండేది.

ఆమె తుమ్మచెక్క కాచి, చల్లార్చిన ఆ నీళ్లు ముందు తన మోచేతి మడతలో రాసుకుంది. ఒక రోజు చూసి, నా మోచేతికి రాసి ఇంకో రోజు చూసింది. నాకేమో ఒకటే తొందర. ఆమెకు నిదానమే ప్రధానం. చివరికి చేతులు ముంచనిచ్చింది. మంట తగ్గి హాయిగా ఉంటే నేను తీయలేదు.

"చెయ్యి తియ్యమ్మీ. చెప్పుల తోలు గట్టిపడేది గూడా ఈ చెక్కతోనే," అంది. తుడిచి ఆముదం రాసింది.

అంతలో ఎవరో ఇంకా మంచిదన్నారని నాయన పెనుకొండ కొండ మీది చెక్కేదో తెచ్చాడు. ఆత్రంగా నూరాను. అత్త గిన్నె లాక్కుని మళ్లీ తన మోచేతికే పెట్టుకుంది. తెల్లారేసరికి బొబ్బలు, వాపు. నాయన తలెత్తలేకపోయాడు.

"అన్నా, చెట్టునేమీ అనొద్దు. మనకు పడల్యా, అంతే," అని ఆయన్ను సాగనంపింది.

తర్వాత నాతో మెల్లగా అంది: "ఇది నీ చేతులకు రాసింటే నిన్ను బండెక్కిచ్చేటోళ్లు గదమ్మీ."

అందరి మాటలూ ఆమె విన్నదని అప్పుడు తెలిసింది. తుమ్మచెక్క నీళ్లతో, ఆముదంతో నా చేతులు నెమ్మదిగా మానాయి. మగ్గమెక్కాను.

ఆమె పోయిన రోజు చివరి స్నానం నేనే చేయించాను. రవిక చెయ్యి పైకి జరిపితే మోచేతి మడతలో ఆ బొబ్బల మచ్చ ఇంకా ఉంది. రుద్దుతూ అక్కడికొచ్చి నా చెయ్యి ఆగిపోయింది. పట్టు మీద కూడా ఎక్కడా తగులుకోని చెయ్యి.