లోటీ మోకాళ్లు

డెల్మర్ టాకెట్ పాట నాకెన్నడూ నచ్చలేదు. ముక్కుతో పాడేవాడు. ఒక పాటలో రైలు వెళ్లిపోతే ఇంకో పాటలో పెళ్లాం వెళ్లిపోయేది, అంతకుమించి తేడా ఉండేది కాదు. ఈ మాట మా బ్రష్ ఫోర్క్‌లో పైకంటే బతకనివ్వరు. కెంటకీ కొండల్లో బొగ్గుగని కార్మికుడి కొడుకు రేడియోకెక్కాడంటే ప్రతి ఇంటికీ చుట్టమే. నేను అనగలిగింది వెల్డా నేపియర్ దగ్గర మాత్రమే. బడి వంటగదిలో ఆమెతో పదహారేళ్లు పనిచేశాను. అన్నప్పుడల్లా గరిటె చూపించి, చెవులు కడుక్కు రమ్మనేది.

వెల్డాకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఉన్నదల్లా డెల్మర్ అభిమాన సంఘం. అందులో వెల్డాతో కలిపి ఏడుగురు ఆడవాళ్లు, అందరూ చిన్నప్పటినుంచి ఒకే లోయలో పెరిగినవాళ్లు. మా వైపు పెళ్లికి ఇరుగుపొరుగు తలా ఒక పొర కాల్చి తెస్తే, వాటిని పేర్చి కేకు చేస్తారు. ఎన్ని పొరలుంటే ఆ పిల్ల అంతమందికి కావలసినదని లెక్క. వీళ్లు ఆ మర్యాద డెల్మర్‌కి చేశారు. ఏటా ఆగస్టు సంతలో పాడటానికి అతను వచ్చే ముందు ఏడుగురూ ఏడు పొరలు తెస్తే, వెల్డా మధ్యమధ్య ఉడికించిన ఎండు యాపిల్ గుజ్జు పూసి, రెండ్రోజులు ఊరనిచ్చేది. లోటీ పొర దిబ్బరొట్టెలా లావుగా, ఒక అంచు మాడి ఉండేది. జ్యూయెల్‌ది అప్పడమంత పల్చన. డెల్మర్ వేదిక మీద కేకు పైకెత్తి పొరలు లెక్కపెట్టి, ఈ మాడింది ఎవరిదో నేను చెప్పక్కర్లేదుగా అనేవాడు. గుడారమంతా లోటీ వైపు తిరిగి నవ్వేది. అందరికంటే గట్టిగా లోటీయే నవ్వేది.

తొమ్మిదేళ్ల కిందట ఏప్రిల్‌లో లోటీ పోయింది. ఆ ఆగస్టులో ఆరు పొరల కేకు పట్టుకెళ్లడానికి వెల్డాకు చేతులు రాలేదు. ఏడోది తనే కాల్చి, ఒక అంచు కావాలని మాడ్చింది. పాట అయ్యాక నిజం చెబుదామనుకుంది. కానీ డెల్మర్ ముందే లోటీ ఏదని అడిగేసరికి, మోకాళ్ల నొప్పులని నోటికొచ్చింది. అతను మైకు ముందుకెళ్లి, "లోటీ, మోకాళ్లు జాగ్రత్తమ్మా. ఈ పాట నీకే," అన్నాడు. గుడారంలో సగంమంది లోటీ శవపేటికతో కొండెక్కినవాళ్లే. ఒక్కరూ కిక్కురుమనలేదు.

పాట సాగినంతసేపూ లోటీ ఇంట్లో కాళ్లు చాపుకుని వింటున్నట్టే ఉందని వెల్డా మర్నాడు నాతో చెప్పింది. ఇంక నిజం ఎక్కడ చెబుతుంది?

తర్వాత జ్యూయెల్, ఆ తర్వాత ఓపల్, అలా ఎనిమిదేళ్లలో లోటీతో కలిపి ఆరుగురూ పోయారు. ఒకరికి మనవరాలి పురుడని, ఒకరికి కంటి ఆపరేషనని వెల్డా ఏటా ఒక సాకు చెప్పింది. అతను ఏటా లోటీ మోకాళ్లెలా ఉన్నాయని అడిగి, వాళ్ల పేర్లు చదివి పాడాడు. ఏడు పొరలూ తనొక్కతే, ఎవరి చెయ్యి ఎలా ఉండేదో అలాగే కాల్చింది. దొంగసాక్ష్యానికి ఊరినంతా కూర్చోబెట్టావని నేను తిట్టేదాన్ని.

ఈ వసంతంలో ఆమెకే ధైర్యం వచ్చింది. "ఈసారి చెప్పేస్తానే నడీన్. ఆ పొరల తేడా తెలిసినవాడు ఆయనొక్కడే మిగిలాడు. ఆయన పక్కన కూర్చుని ఒక్కసారి ఏడవాలి," అంది.

జూలైలో డెల్మర్ గుండె ఆగిపోయింది.

ఆగస్టులో మా బడి ఆటల హాల్లోనే సంతాపసభ పెట్టారు. ఒకాయన వానలో తన బండి టైరు డెల్మర్ మార్చిపెట్టాడన్నాడు. ఒకావిడ తన తల్లి అంత్యక్రియలకు పిలవకుండానే వచ్చి పాడాడని ఏడ్చింది. బల్ల నిండా వంటకాలున్నాయి. వాటి మధ్య వెల్డా ఒకే ఒక్క పొర ఉన్న పళ్లెం పెట్టింది. డెల్మర్ భార్య నోరీన్ దాని ముందు ఆగింది.

"ఒక్కటే తెచ్చాను," అంది వెల్డా. "మిగతావాళ్లు ఎప్పుడో పోయారమ్మా. ఆయనకు చెప్పలేకపోయాను."

"ఆయనకు తెలుసు, వెల్డా. మీ ఊరి పత్రిక మా ఇంటికి పోస్టులో వచ్చేది. చావుకబుర్లే ముందు చూసేవాడు. లోటీ సంగతి ఆ వారమే చదివాడు. నీ నోటితో చెబుతావనే ఆమె ఏదని అడిగాడు. నువ్వు మోకాళ్లన్నావు కదా, నువ్వు చెప్పేదాకా తను ఎత్తకూడదనుకున్నాడు."

ఈ మాటతో వెల్డా మనసు కుదుటపడుతుందనుకున్నాను. నా అంత బుద్ధితక్కువది ఇంకొకతి లేదు. ఆమె బల్ల అంచు పట్టుకుని నోరీన్ వైపు తిరిగింది.

"తెలిసి కూడా ఊరుకున్నాడా? తొమ్మిదేళ్లు ఒక్కదాన్నే ఏడ్చానమ్మా. ఒక్కమాట అనుంటే ఇద్దరం ఏడ్చేవాళ్లం."

వెల్డా, డెల్మర్ ఇద్దరూ ఒకరి మనసు ఒకరు కాపాడబోయి, తొమ్మిది ఆగస్టులు పోగొట్టుకున్నారు.

తిరుగుదారిలో కారులో వెల్డా ఆ పళ్లెం ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. ఎవరూ ముట్టలేదు దాన్ని. ఏదో ఒకటి అనాలని, డెల్మర్ బాగానే పాడేవాడన్నాను. చెవులు కడుక్కోమనలేదు. వంతెన దాటాక కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"లోటీ మోకాళ్లెలా ఉన్నాయని నన్నింక ఎవరడుగుతారే, నడీన్?"