చూసిపోదామంటే ఒప్పుకోని జగపతి

మా జగపతికి ఒకటే పిచ్చి. టూరిస్టు కనబడితే చాలు, పని చెప్పాలి.

మా మూడు జిల్లాల పర్యాటక సంస్థలో అతను గైడు, నేను గుమాస్తాను. జనగామలో రైలు దిగి ఎవరైనా మా ఆఫీసుకొచ్చి "ఇక్కడ చూడదగ్గవి ఏమున్నాయండీ?" అని అడిగితే, లోకంలో ఏ గైడైనా ఒక గుడి పేరో కోట పేరో చెబుతాడు. జగపతి మాత్రం వాళ్ల చేతుల వైపు చూసి, "మీకేం పని వస్తది?" అనేవాడు. ఇప్పుడా మాట అడిగేవాడు మా ఆఫీసులో లేడు. లేకపోవడం ఎంత లోటో చెప్పుకుందామన్నా వినేవాడు లేడు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రాడు తనకు కోడింగ్ వచ్చన్నాడు.

"గది కాదు తమ్మీ, చేతులతోటి ఏం వస్తది?"

"చేతులతోనే కదన్నా టైపు చేసేది."

జగపతి కాసేపు ఆలోచించి, న్యాయమేనని ఒప్పుకున్నాడు. "అయితే వేళ్లు మస్తు ఆడుతయి. పత్తి ఏరనికి గిసొంటి వేళ్లే కావాలె" అని పాలకుర్తి దగ్గర ఒక రైతు చేనికి తీసుకుపోయాడు. పత్తికాయ మొనలు గుచ్చుకుని కుర్రాడి వేళ్లన్నీ గీసుకుపోయాయి. సాయంత్రం ఆ రైతు ఇంట్లో జొన్నరొట్టె తిని, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. వచ్చాడు కూడా, తన ఆఫీసులో వాళ్లందరినీ వెంటబెట్టుకుని.

విజయవాడ కొత్త జంట ఒకటి వరిమడిలో ఫొటో దిగుతామని ముచ్చటపడింది. "ఎట్లన్న దిగుతున్నరు, ఉత్తగెందుకు?" అని చెరొక నారుకట్ట చేతిలో పెట్టాడు. పెళ్లికూతురు చక్కగానే నాటింది. పెళ్లికొడుకు వేసిన సాలు పాము పోయినట్టు పోయింది. కూలీలు పడీపడీ నవ్వుతుంటే ఆ అమ్మాయి, "ఇంట్లోనూ ఇంతేనండీ ఈయన" అంది. మోకాళ్ల నొప్పులని తప్పించుకోబోయిన ఒక రిటైర్డ్ జడ్జిగారిని అరుగు మీద కూర్చోబెట్టి చింతపండులో గింజలు తీయించాడు.

మా పై అధికారి యుగేందర్ సారుకు ఇదంతా తలనొప్పిగా ఉండేది.

"జగపతీ, ఇది పర్యాటకమా, ఉపాధి హామీ పనా?"

"రెండూ సార్. కాకపోతే మనం కూలి ఇస్తలేం."

"వాళ్లు చూసిపోదామని వస్తరయ్యా."

"చూసిపోదామని రావద్దు సార్."

ఎప్పుడూ నవ్వే మనిషికి ఆ ఒక్క మాట దగ్గర ముఖం గట్టిపడేది. ఎందుకో మాకెవరికీ తెలియదు.

భూపాలపల్లి అడవి అంచున ఒక తండా, దాని పక్కన ఒక చిన్న జలపాతం ఉన్నాయి. జగపతి అక్కడికి నలుగురైదుగురిని మించి తీసుకుపోయేవాడు కాదు. వాళ్లు వాగులో పూడిక తీసి, తండాలో తిని వచ్చేవారు. ఎండలు ముదిరినా మడుగులో పశువులకు నీళ్లుండేవి.

యుగేందర్ సారు ఆ జలపాతానికి జనగామ నుంచీ మహబూబాబాద్ నుంచీ ఆదివారం బస్సులు వేద్దామన్నారు.

"బస్సులకు బస్సులు దిగితే తండావాళ్లు ఎటు పోవాలె సార్?" అన్నాడు జగపతి.

"ఎటూ పోవద్దు. ఇండ్ల ముందట నిలబడితే చాలు, ఫొటోలు మంచిగొస్తయి."

ఆ బస్సుల వెంట పోనని జగపతి మొండికేశాడు. కాంట్రాక్టు ఉద్యోగం కదా, తీసేయడం ఎంతసేపు. సొంతూరు తరిగొప్పుల పోయి వ్యవసాయం చూసుకుంటున్నాడు.

మొన్నటి వానల్లో ఆ బస్సు వెంట నన్ను పంపారు. మడుగు నిండా ప్లాస్టిక్ సీసాలు తేలుతున్నాయి. బస్సు చప్పుడు వినగానే తండాలో తలుపులు వేసుకుంటున్నారు. భీమ్లా అనే ఒకాయన ఇల్లు మాత్రమే తెరిచి ఉంది. నేను జగపతి ఆఫీసువాణ్ణని తెలిసి, భీమ్లా భార్య బుచ్చి చాయ్ పోసింది.

"మొదటిసారి జగపతి సారు బస్సు నిండ మందిని తోలుకొచ్చిండు" అని చెప్పుకొచ్చింది. "అప్పుడు ఈయన వరంగల్ల దవాఖానల ఉన్నడు. అందరు ఒక్కసారే వాకిట్లకు వచ్చిండ్రు. ఏంది బిడ్డా అంటే, చూసిపోదామని వచ్చినం అన్నరు."

మా పల్లెల్లో అంతమంది కలిసి ఒక ఇంటికి చూసిపోదామని వచ్చేది, ఆ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడే.

"ఇగ నా మనిషి పోయిండనుకున్న. కూలబడి ఏడ్చిన."

లంబాడీ ఆడవాళ్లు ఏడిస్తే రాగం తీసి ఏడుస్తారు. వచ్చినవాళ్లు పాట అనుకుని ఫోన్లు తీశారట. ఒకావిడ చప్పట్లు కూడా కొట్టిందట.

జగపతి ఉరుక్కుంటూ వచ్చి ఆమె ముందు కూర్చున్నాడట. "యాడీ, భీమ్లా మంచిగున్నడు. వీళ్లు చూసిపోను రాలే, పనికొచ్చిండ్రు. వానకు కూలిన నీ బర్రె కొట్టం గోడ కడ్తరు" అన్నాడట. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. అనేశాక ఆ అబద్ధాన్ని నిజం చేయాలి కదా. నల్లకళ్లద్దాల వాళ్లందరి చేతా రాళ్లు మోయించి గోడ కట్టించాడు. అతనికి పిచ్చి పట్టింది ఆ రోజే.

"మీరు నమ్మిండ్రా?" అని అడిగాను.

భీమ్లా నవ్వాడు. "గంత తెల్లటి బూట్లేసుకోని గోడ కట్టను ఎవలొస్తరు సారు?"

"నమ్మలే" అంది బుచ్చి. "కని నా ఇంటి పని చేసిండ్రు, నేను చేసిన రొట్టె తిన్నరు. పొయ్యేటప్పుడు నా మొఖం చూసి దండం పెట్టిండ్రు. నా సిగ్గు పోయింది."

గోడ చూపించింది. అది ఎటు ఒరగాలో తేల్చుకోలేక రెండు వైపులా ఒరిగి ఉంది. తీసి మళ్లీ కడతానంటే ముట్టనివ్వడం లేదని భీమ్లా ఫిర్యాదు.

"జగపతికి ఏమన్న చెప్పాల్నా?" అన్నాను లేస్తూ.

"గోడ ఇంక పడలేదని చెప్పు."

సాయంత్రం జనగామలో బస్సు దిగి ఫోను చేసి, ఆ మాటే చెప్పాను. ఇలాంటి మనిషిని చేతులారా పోగొట్టుకున్నామని కూడా చెప్పబోయాను.

"అన్నా" అని అడ్డొచ్చాడు, "వానలు జోరుగున్నయి. బర్రెను జర దూరం కట్టెయ్యమని చెప్పకపోయినవా."