మనవరాలి కాగితం మీద తాత గీత

మా గని ఊరు ఎంత ఎత్తంటే, మబ్బులు తలుపు తట్టకుండానే లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటాయి. ఆ ఊరి ఆసుపత్రిలో ఈసీజీ తీసేది మా వదిన సెబెరీనా. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లంతా గని కూలీలే. రాతిదుమ్ము పట్టి ఊపిరితిత్తులు గట్టిపడ్డవాడికి గుండె కుడివైపు బలుస్తుంది. కాగితం మీద ఆ వైపు గీత కొండలా లేస్తుంది. మా అన్నయ్య ఆబ్దోన్ కాగితం మీద ఆ కొండను మొదట చూసింది ఆమే. ఏడాది తిరగకముందే ఆయన్ను పాతిపెట్టాం.

తర్వాత వాళ్ల కూతురు రోసెండాకు ఆ ఆసుపత్రిలోనే ఆడపిల్ల పుట్టింది. యంత్రం పక్క గదిలోనే ఉంది కదా అని, సెబెరీనా ముచ్చటపడి పసిదాన్ని తెచ్చి, ఒంటికి చుట్టిన పొత్తిగుడ్డ విప్పి, రొమ్మున తీగలు అంటించింది.

గీత లేచింది. అదే కొండ.

ఆమె గ్లాసెడు నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, పిల్ల నెత్తిన పోస్తూ బాప్తిస్మం మాటలు గొణిగింది. ఫాదరు వచ్చేదాకా బతకదనుకున్న బిడ్డకే మావాళ్లు అలా చేస్తారు.

గుమ్మంలో రోసెండా నిలబడి ఉంది.

"అమ్మా! ఆ నీళ్లెందుకే? నా బిడ్డకేమైందే?"

"ఏం లేదే తల్లీ... ఉక్కగా ఉందనీ..."

"బయట మంచు కురుస్తుంటే ఉక్కేమిటే! చెప్పవే, చచ్చిపోతుందా?"

ఆ కేకకు డాక్టర్ ఓబ్లితాస్ పరుగెత్తుకొచ్చాడు. కాగితం చూసి నవ్వబోయి, సెబెరీనా ముఖం చూసి మానుకున్నాడు.

"ఇది జబ్బు కాదు, సెబెరీనమ్మా. కడుపులో ఉన్నన్నాళ్లూ ఎక్కువ బరువు లాగేది కుడివైపే. అప్పుడే పుట్టిన పిల్లలకి గీత ఇలాగే ఉంటుంది. ఎడమవైపు మెల్లగా బలం పుంజుకుంటుంది. కింద సముద్రం ఒడ్డున తొందరగా, మన ఎత్తులో ఇంకాస్త నిదానంగా."

"మా ఆయనదీ ఇలాగే ఉండేది బాబూ."

"ఆయన తాగింది దుమ్ము. ఇది తాగేది పాలు."

ఆమె నమ్మలేదు. పిల్ల పాకినా, నడిచినా ఆయాసం కోసమే వెతికేది. తుమ్మితే చాలు, ఊళ్లో ఉప్పుకు కరువొచ్చేది. అప్పుడప్పుడూ గీత తీసేది. కొండ కుంగుతోంది కానీ పోవడం లేదు.

పిల్లకు పుట్టువెంట్రుకలు తీసే ముందు మరోసారి తీసింది. కుడివైపు అణిగి, ఎడమవైపు గీత లేచి నిలబడింది. కానీ దాని పొడవునా సన్నని వణుకు.

"బాబూ, వణుకుతోంది!" అని ఏడ్చింది.

ఓబ్లితాస్ కాగితం వదిలి మంచం వైపు చూశాడు.

"ముందు పిల్ల చెయ్యి వదులు, సెబెరీనమ్మా. ఆ వణుకు నీది."

వదలడానికి ఆమెకు చాలాసేపే పట్టింది.