మేకు కొట్టని గోడ

మా ఇంటి దేవుడు నరసింహస్వామి. ఖాజాగూడ దగ్గర నా కొడుకు ఫ్లాటు కొన్నాక, స్వామికి అందులో ఒక చోటు చూడాలని అందరికంటే ఎక్కువ తొందరపడింది నేనే. విగ్రహం కోసం వియ్యపురాలితో కలిసి, వాళ్లుండే కూకట్‌పల్లిలో దుకాణాలన్నీ తిరిగాను. వాళ్లది కోస్తా. ఆమె మనసు వెంకటేశ్వరస్వామి మీద ఉంది.

"నరసింహుడు ఉగ్రుడండీ వదినగారూ, ఇంట్లో తట్టుకోగలమా?" అంది.

"ఆడమనిషి వచ్చి ఒళ్ళె కూసున్నంక ఏ మగోడు ఉగ్రంగ ఉంటడు వదినా?" అన్నాను. దుకాణం మనిషి కూడా నవ్వాడు.

ఒక విగ్రహం ఎత్తి చూస్తే తేలిగ్గా లేచింది, లోపల బోలు. ఇంకొకదానికి కళ్లు సమంగా లేవు. చివరికి జానెడు మించని ఇత్తడి లక్ష్మీనరసింహుడు దొరికాడు. నిండు పోత, ప్రసన్నమైన ముఖం. వియ్యపురాలు పంతం వదిలి, గోడకు బిగించే టేకు మందిరం తానే కొనిచ్చింది. "విగ్రహం మీది, మందిరం మాది" అంది.

స్వామిని పెట్టే రోజు ఉదయం పరవాన్నం వండుతున్నాను. నెయ్యి వాసన తగలగానే కోడలు నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని పరుగెత్తింది. బాత్రూములో నల్లా చప్పుడు చాలాసేపు ఆగలేదు. బయటికి వచ్చి నా ముఖం చూడగానే, నాకు తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది.

"అత్తయ్యా, ఎవరికీ చెప్పకండి. ఆయనకి కూడా. స్కానింగులో గుండె కొట్టుకోవడం కనబడనివ్వండి, అప్పుడు నేనే చెబుతా."

కిందటిసారి విషయం తెలిసిన రోజే నా కొడుకు ఆఫీసులో స్వీట్లు పంచాడు. వియ్యపురాలు కాలనీ అంతా చెప్పింది. కడుపు నిలవలేదు. ఆ తర్వాత పరామర్శ ఫోన్లు మొదలయ్యాయి. ప్రతి ఫోనుకూ ఆ పిల్ల మొదటినుంచీ చెప్పుకోవలసి వచ్చింది. ఇప్పుడు నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది.

"ఒట్టు బిడ్డా, చెప్ప" అన్నాను.

అంతలో గంట మోగింది. నా కొడుకు వడ్రంగిని లోపలికి తీసుకొచ్చాడు. అతని చేతిలో డ్రిల్లింగ్ మిషను ఉంది.

ఇంట్లో ఆడమనిషి కడుపుతో ఉంటే గోడకు మేకు కొట్టరు. మా అమ్మ కొట్టనివ్వలేదు, మా అత్త కొట్టనివ్వలేదు. అందులో నిజమెంతో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఆ పిల్ల కడుపు మీద పరీక్ష పెట్టలేను. కారణం చెప్పకుండా పని ఆపాలి.

"క్యాలెండరుల చూసిన. ఇప్పుడు వర్జ్యం ఉన్నది, ఇయ్యాల వద్దు" అన్నాను.

కొడుకు వెళ్లి చూసొచ్చాడు. "అది రాత్రిది అమ్మా. జర సరిగ్గ చూడు."

వడ్రంగి వెనకే వచ్చి కూర్చున్న వియ్యపురాలు, "పోనీలే బాబూ, ఆవిడ ఈమధ్యేగా అక్షరాలు నేర్చుకుంది" అని నన్ను వెనకేసుకొచ్చింది.

ఆ అక్షరాలు నాకు నేర్పింది కోడలే. అంత చిన్న సంగతి నేను తప్పు చదవనని ఆమెకు తెలుసు. వంటింటి గుమ్మంలోంచి నావంక అదోలా చూసింది.

"ఔ, తప్పు చదివినట్టున్న" అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది.

వడ్రంగి గోడ మీద పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. "జల్ది చెప్పున్రి. ఒంటిగంట దాటితే ఈడ మిషను నడపనియ్యరు."

నేను విగ్రహాన్ని ఒళ్లోకి తీసుకుని, ఆ గుర్తుల కిందే గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"ఏంది అమ్మా ఇది?"

"ఈ విగ్రహం నాకు నచ్చలే. మార్చాలె."

దేవుణ్ణి ఒళ్లో పెట్టుకునే ఆ మాట అన్నాను. వియ్యపురాలి ముఖం మాడిపోయింది.

"నచ్చలేదా! ఊరంతా తిప్పి, నా స్వామిని వద్దనిపించి తెచ్చింది మీరేగా? అసలు సంగతి చెప్పండి. మా మందిరం మీ గోడెక్కడం ఇష్టం లేదు, అంతేగా?"

"గట్ల కాదు వదినా."

"మరి ఎట్లాగండీ?"

కొడుకు నా భుజం పట్టుకున్నాడు. "లే అమ్మా. అందరి ముంగట ఇజ్జత్ తీయకు." నేను కదలలేదు. వడ్రంగి ప్లగ్గు పెట్టి, మిషను ఒకసారి ఉత్తినే తిప్పి చూశాడు.

"రెండు మేకులకి ఇంత రాద్ధాంతమా!" అంది వియ్యపురాలు. "కొడితే ఏమవుతుందట? ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా?"

తల వంచి, స్వామి ఒళ్లో ఉన్న అమ్మవారినే చూస్తూ ఉండిపోయాను. కళ్లెత్తితే వియ్యపురాలు పసిగట్టేస్తుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"నాకు కాల్ ఉంది" అంది కోడలు గుమ్మంలోకి వచ్చి. "ఇంట్లో ఏ చప్పుడూ వద్దు."

"శనివారం కాల్ ఏంది?" అన్నాడు నా కొడుకు.

"ఎస్కలేషన్, ఆఫీసులో పెద్ద గొడవ. ఎంతసేపు పడుతుందో తెలీదు."

అంతే. వర్జ్యం చెప్పినా, గోడకు అడ్డం కూర్చున్నా ఆగని పని ఆ ఒక్క మాటతో ఆగింది. వడ్రంగి మిషను సంచిలో పెట్టుకున్నాడు. వియ్యపురాలు బ్యాగు తగిలించుకుంది.

"పరవాన్నం తినిపో వదినా."

"నాకు షుగరండీ" అంది. ఎప్పుడూ రెండో గిన్నె అడిగి తినే మనిషి.

గదిలో తలుపు వేసుకుని కోడలు ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉంది. అవతల ఎవరూ లేరని నాకు తెలుసు.

స్వామిని ఈశాన్యం మూల పీట మీద పడమటి ముఖంగా కూర్చోబెట్టాను. మందిరం అట్టపెట్టెలోనే తలుపు వెనక ఉండిపోయింది. కొడుకు నాతో ముక్తసరిగా మాట్లాడేవాడు. కూకట్‌పల్లి నుంచి ఫోను లేదు. రోజూ దీపం పెట్టి, నచ్చలేదన్నందుకు ముందు క్షమించమని వేడుకుని, ఆ తర్వాతే అసలు కోరిక కోరేదాన్ని. కోడలు వాంతి చేసుకుంటే భయం. చేసుకోకపోతే ఇంకా భయం.

స్కానింగు రోజు ఆమె దవాఖాన నుంచే ఫోను చేసింది. "కొట్టుకుంటోంది అత్తయ్యా" అంది. నేను వెళ్లి పీట ముందు ఇంకో దీపం వెలిగించాను.

సాయంత్రం నా కొడుకు అత్తగారికి ఫోను చేసి చెప్పాడు. ఆమె నవ్వడం, ఏడవడం నాకూ వినబడ్డాయి. తర్వాత నన్ను పిలవమంది.

"వదినగారూ, ఆ రోజు..."

"ఔ వదినా."

"ఆ తర్వాతేమైనా మేకు కొట్టారా?"

"కొట్టలే."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "కాన్పయ్యేదాకా ఆ పెట్టె విప్పకండి. రేపొస్తున్నా, పరవాన్నం వండండి" అంది. ఫోను పెట్టేయబోతూ, నేను అడగకుండానే అంది, "కాలనీలో ఎవరికీ చెప్పనులెండి."