చూసినవా వీరేశం సార్

తన కళ్లతో చూడని దాన్ని పోలికగా వాడితే వీరేశం సార్ చచ్చినా ఒప్పుకోడు. జనగామ సర్కారు హైస్కూల్లో ఆయన ఇంగ్లీషు మాస్టారు. ఇంగ్లీషులో ఎవరు దేన్ని దేనితో పోల్చినా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: “చూసినవా?” ఆ ప్రశ్న వల్ల పిల్లలకు మార్కులు పోయాయి, హెడ్మాస్టర్ జగపతికి నిద్ర పోయింది.

ఒకసారి క్లాసులో వెంకటేష్ లేచి, గైడులో ఉన్నది ఉన్నట్టు ‘యాజ్ వైట్ యాజ్ స్నో’ అని అప్పజెప్పాడు.

“మంచు చూసినవా?”

“లేదు సార్.”

“మీ నాయిన చూసిండా?”

“లేదు సార్.”

“మరి ఎవర్నడిగి చెప్పినవ్? మార్కెట్ల గంత పత్తి కుప్పలు పోసి ఉంటె నీ కండ్లకు ఆనలేదా?”

పరీక్ష పేపర్లలోనూ ఇదే వరస. గైడు పోలిక కనబడితే ఎర్ర పెన్ను అడ్డంగా పరుగెత్తేది. గైడు కొనిపెట్టిన తల్లిదండ్రులంతా వచ్చి జగపతి మీద పడ్డారు. ఆయన వీరేశాన్ని పిలిపించాడు.

“సింహమంత ధైర్యం అని రాసినా కొట్టేసిన్రట. గిదేం లొల్లి సార్?”

“నేను గూడ సింహాన్ని చూడలే సార్. చూసొచ్చి మార్కులేస్త.”

అన్నంత పనీ చేశాడు మహానుభావుడు. ఆదివారం రైలెక్కి హైదరాబాద్ జూకు పోయొచ్చి, మర్నాడు క్లాసులో గంభీరంగా ప్రకటించాడు.

“పొద్దుగూకేదాక నిలవడ్డ. అది పండుకునే ఉన్నది. ధైర్యం సంగతి తెల్వదు గని, యాజ్ లేజీ యాజ్ ఎ లయన్. రాస్కోండ్రి.”

తేనెటీగల పనితనం తేల్చుకోవడానికి వాటర్ ట్యాంకు కింద తుట్టె దగ్గరికి పోయినప్పుడైతే మొహం బూరెలా పొంగింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఆ రెండో కంటితోనే వెతుక్కుంటూ క్లాసుకు వచ్చాడు.

“యాజ్ బిజీ యాజ్ ఎ బీ కరెక్టే. ఒక్కటి గూడ ఖాళీగ లేదు. అందరికి ఫుల్ మార్కులు.”

పిల్లలు కడుపుబ్బ నవ్వారు. పదో తరగతి గీత కూడా చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. బడిలో ఆ పిల్ల గొంతు వినబడేది అలాంటప్పుడే. తండా పిల్ల. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఎనిమిదిలో చేరిన కొత్తలో పాఠం చదవబోతే క్లాసంతా గొల్లున నవ్వింది. అప్పటి నుంచి పాఠం అడిగితే నేల చూపులే.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడికి తాళం పడింది. మాస్టార్లంతా చౌరస్తా టెంటులో కూర్చున్నారు. గీత తండ్రి హీర్యా ఒకనాడు టెంటు దగ్గరికే వచ్చి, అనుకున్నది చెప్పేశాడు.

“సారూ, ఇంగిలీషు రాకపోతె పది పాస్ గాదట గద. దసరా కాంగనే పిల్లను భూపాలపల్లి దిక్కు పత్తి ఏరనీకి తోల్కపోత.”

“జర ఆగు హీర్యా,” అన్నాడు జగపతి. “మంచిగ చదివే పిల్ల.”

“అయితె నా ముంగట ఒక్క ముక్క మాట్లాడమను. బడిల ఉంచుత.”

జగపతికి నమ్మకం లేదు. మూడేళ్లలో పలకని పిల్ల ఇప్పుడు తండ్రి ముందు పలుకుతుందా? వీరేశం మాత్రం తాపీగా, “వంటావార్పు నాడు రా,” అన్నాడు.

వంటావార్పు నాడు చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు వెలిగాయి. ఒక పక్క అన్నం ఉడుకుతోంది, ఇంకో పక్క నిరసనగా నడిరోడ్డు మీదే పాఠాలు. తండా జనంతో వచ్చిన హీర్యా చేతిలో గరిటెతో నిలబడ్డాడు.

“గీతా,” అన్నాడు వీరేశం, “నువ్వు రోజూ చూసేదాన్ని దేంతోనన్న పోల్చు.”

గీత లేచింది. తండ్రిని చూసింది, నేలను చూసింది. చివరికి ఆ పిల్ల చూపు వీరేశం మొహం మీద ఆగింది.

“అవర్ సార్ ఈజ్ లైక్ మై డాగ్.”

జగపతి తల పట్టుకున్నాడు. వీరేశం కళ్లు చిట్లించాడు.

“చూసినవా?”

“యెస్ సార్. డైలీ. హి బార్క్స్ అండ్ బార్క్స్. బట్ హి నెవర్ బైట్స్. హి కమ్స్ విత్ మీ టు స్కూల్.”

హీర్యా గరిటెతోనే జగపతి దగ్గరికి వచ్చాడు. “ఏమన్నది సారూ?”

జగపతి గొంతు సవరించుకున్నాడు. “వీరేశం సారు మీ కుక్క లెక్కనట. మొరుగుతడట గని కరవడట. బడిదాక తోడొస్తడట.”

హీర్యా తలూపాడు. “కుక్క సంగతి నిజమే సారూ. రోజూ దీని ఎంటే పోతది.” కూతురి వైపు చూసి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు. “ఉండనీ, బడిలనే ఉండనీ.”

“ఫుల్ మార్కులు,” అన్నాడు వీరేశం. కుక్క అన్నందుకు ఆయనంత సంబరపడ్డవాడు జనగామలో ఇంకొకడు లేడు.

సాయంత్రం టెంటులో చాయ్ తాగుతుంటే జగపతికి ఉన్నట్టుండి తట్టింది.

“సార్, మొదట్ల మీరు గూడ గైడే చెప్పేటోళ్లు. ఈ చూసినవా లొల్లి గీత వచ్చిన ఏడే మొదలయింది గద?”

వీరేశం కొంచెం సిగ్గుపడ్డాడు. “గైడు లేని పిల్లకు మంచు యాడికెళ్లి వస్తది సార్? చూసిందే చెప్పాల్నంటె అందరు ఒక్కతీరు. ఇగ పిల్లలంటరా, ఎవర్నో ఒకర్ని చూసి నవ్వుతనే ఉంటరు. నన్ను చూసి నవ్వితె నాకేం పోతది?”

జగపతికి మనసు నిండిపోయింది. ఈ మనిషినా తాను ఇన్నాళ్లూ పిలిచి పిలిచి కోప్పడింది అనుకుంటూ, తన చాయ్‌లో సగం ఆయన గ్లాసులో పోశాడు.

“అంటె జూకు పోవుడు, తేనెటీగలతోని కుట్టిచ్చుకునుడు, అన్ని ఆ పిల్ల కోసమేనా?”

వీరేశం చాయ్ ఊదుకుంటూ నిజాయితీగా ఆలోచించాడు.

“జూ వరకే సార్. తేనెటీగల కాడికి నిజంగనే తెల్సుకుందామని పోయిన.”