డీజిలు పడాల్సిన వేళ

మా మామ పోయినాడన్న కబురు నాకు ధర్మవరం బస్టాండులో తెలిసింది. హిందూపురం నుంచి వచ్చిన బస్సు కండక్టరు నా కిటికీ కిందికొచ్చి, "పంపుల మేస్త్రి పొద్దున పోయినాడంటప్పా" అన్నాడు. నా బస్సు అప్పటికే నిండింది. అందరూ హిందూపురం దారిన పోవలసినవాళ్ళే. మామ ఇల్లూ అక్కడే. వేరే డ్రైవరు లేడు కాబట్టి నేనే నడుపుకుంటూ పోయినాను. దారిలో ఎక్కేవాళ్ళు ఎక్కినారు, దిగేవాళ్ళు దిగినారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. కూతుర్ని నాకే ఇచ్చినాడు. రైల్వే గేటు అవతల రేకుల షెడ్డులో పంపులు బాగుచేసేవాడు. నీళ్ళ పంపులు అనుకునేరు. బస్సు ఇంజనులోకి డీజిలు చిమ్మే పంపులు.

ఆ డీజిలు ఎప్పుడు చిమ్మాలన్నదే ఆయన బతుకంతా పట్టుకున్న సంగతి. ఇంజను జోరుగా తిరిగేటప్పుడు రవ్వంత ముందు పడాలి, బరువు లాగుతూ మెల్లగా ఎక్కేటప్పుడు రవ్వంత ఆలస్యంగా పడాలి. పందొమ్మిదివందల యాభైల్లో మా బస్సులకు మేస్త్రి ఒకసారి బిగిస్తే అదే వేళ, ఎత్తయినా చదునైన బయలైనా. పెనుకొండ ఎత్తుకు సరిపెడితే హిందూపురం బయలు మీద నల్లపొగ. బయలుకు సరిపెడితే ఎత్తులో ఇంజను దబదబా కొట్టుకునేది. నాకు మొదట అర్థం కాలేదు. మామ ఇట్లా చెప్పినాడు: "అన్నం ఉడికే టైము ఉడకాల్సిందే కదబ్బా. తినేవాడు తొందరగా వస్తాంటే పొయ్యి ముందే ముట్టించాల."

ఆయనది వినే అలవాటు. స్క్రూడ్రైవరు కొన పంపు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అత్తది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. పుట్టింటికి పోయినప్పుడల్లా మగ్గాల కింద రాలిన పట్టు పోగులు మూటగట్టి తెచ్చేది. మామ వాటితో చేతుల మసి తుడుచుకుంటూ, "పెండ్లికూతుర్లకు లేని భోగం నాకుండాది" అనేవాడు.

మొదట ఆయన చేసింది ఒక చేతి లివరు. డ్రైవరు సీటు పక్కన లివరు, దాన్నుంచి పంపు దాకా తీగ. ఎత్తు వస్తే వెనక్కి, బయలు వస్తే ముందుకు. సంగటి తింటూ నాకు అది వివరిస్తుంటే అత్త వినింది.

"గేరు మార్చాల, హారను కొట్టాల, స్టీరింగు తిప్పాల. దీనికి ఇంకో చెయ్యి యాడుండాది ఆ పిల్లోనికి?"

"మరేం చేయమంటావే?"

"ఎంత జోరుగా తిరుగుతాందో తిరిగేదానికే తెలుసు కదా. డ్రైవర్ని అడిగేదెందుకు?"

మరుసటి వారానికల్లా లివరు మూలన పడింది. దాని బదులు పంపుకూ ఇంజనుకూ నడుమ ఒక డబ్బా తయారైంది. అందులో రెండు ఇనుప దిమ్మెలు, వాటిని లోపలికి లాగిపట్టే రెండు స్ప్రింగులు. ఇంజను జోరందుకుంటే దిమ్మెలు బయటికి జరిగి పంపు ఇరుసును కొంచెం ముందుకు తిప్పుతాయి. జోరు తగ్గితే స్ప్రింగులు మళ్ళీ వెనక్కి లాగుతాయి. చెప్పేదానికి ఇంతే. స్ప్రింగు మెత్తనైతే దిమ్మెలు తొందరపడేవి, గట్టిదైతే కదిలేవే కావు.

మా బస్సుల సావుకారును బతిమాలి నా బస్సుకు బిగించినాడు. కొన్నాళ్ళు బాగానే పోయింది. ఒక మధ్యాహ్నం పెనుకొండ ఎత్తులో స్ప్రింగు విరిగింది. దిమ్మె బయటే ఇరుక్కుపోయింది. ఇంజను సమ్మెటతో కొట్టినట్టు కొట్టుకుని ఆగింది. నిండు బస్సు వెనక్కి జారింది. నేను బ్రేకు మీద నిలబడినాను, కండక్టరు దూకి చక్రాల కింద రాళ్ళు వేసినాడు. బాలింతరాలు ఒకామె బిడ్డను గట్టిగా పట్టుకుని దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నా పక్కనే కూర్చుని వచ్చిన మామ దిగి, ఆ తల్లీబిడ్డల్నే చూస్తూ నిలబడినాడు.

"మేస్త్రీ, జనాలతో ఆటలొద్దు" అన్నాడు ఆ సాయంత్రం సావుకారు.

"నిజమే సావుకారూ" అని ఆ డబ్బాను తన చేత్తోనే విప్పేసినాడు.

తర్వాత ఏళ్ళ తరబడి ఎవరూ ఆయనకు బస్సు ఇయ్యలేదు. హిందూపురంలో అడిగినాడు, పెనుకొండలో అడిగినాడు, ధర్మవరంలో అడిగినాడు. కనగానపల్లిలో చుట్టమొకాయన తన బావి ఇంజను ఇస్తానన్నాడు. "బావి ఇంజను ఎప్పుడూ ఒకే జోరున పోతాది. దానికి ముందూ వెనకా ఏముంటాది?" అని వచ్చేసినాడు. "చాల్లే నాయనా, వదిలేయరాదా" అని నా భార్య అడిగితే, "వదిలేస్తా" అనేవాడు. మళ్ళీ బొగ్గుల కుంపటిలో స్ప్రింగులు ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతూ కూర్చునేవాడు. చూపు తగ్గింది, నడుము వంగింది. అది ఆశో మొండితనమో మాకు తెలిసేది కాదు.

చివరికి సావుకారే పిలిచి, అమ్మేయబోతున్న పాత బస్సు ఇచ్చినాడు. జనాన్ని ఎక్కించకూడదన్నాడు. కొత్త డబ్బా బిగించి, ఇసుక మూటలు వేసుకుని మామా నేనూ బయలుదేరినాం. బయలు మీద వెనక అద్దంలో పొగ కనపడలేదు. ఎత్తులో ఇంజను కొట్టుకోలేదు. పైకి చేరినాక బస్సు ఆపినాను.

"ఎట్లుండాది మామా?"

"ఆకలైతాంది" అన్నాడు.

రోడ్డు పక్కన కూర్చుని అత్త కట్టిచ్చిన సద్ది తిన్నాం.

ఆ బస్సు మళ్ళీ జనాన్ని ఎక్కించుకుని తిరిగింది, స్ప్రింగు విరగలేదు. ఇంకో బస్సుకు బిగించమని సావుకారు చెప్పేలోపే కంపెనీ కొత్త బస్సులు వచ్చినాయి. వాటి పంపుల ముందర అట్లాంటి డబ్బానే బిగించి వచ్చింది. మామ ఒకదాన్ని విప్పి బల్ల మీద పరిచినాడు. అవే దిమ్మెలు, అవే స్ప్రింగులు. ఎక్కడో ఎవరో మనకంటే చాలా ముందే కనిపెట్టి, లక్షణంగా చేసినారు.

"వాళ్ళ స్ప్రింగు మనదానికంటే మంచిదబ్బా" అన్నాడు. ఒక్కో ముక్కనూ తుడిచి, మళ్ళీ బిగించినాడు.

"బాధగా లేదా మామా?"

"బాధ యాడిది? అలిసిపోయినా, అంతే. ఇంగ జనాలు ఎత్తెక్కితే చాలు."

తర్వాత కూడా షెడ్డు తెరిచేవాడు. కంపెనీ డబ్బాలే బాగుచేసేవాడు. ఆ పనిలో ఏనాడూ లోపం చేయలేదు, కానీ ఇంటికొచ్చి పంపుల మాట ఎత్తడం మానేసినాడు.

ఆయన చనిపోయేదానికి కొన్ని వారాల ముందు, అత్త పుట్టింట్లో ఏదో శుభకార్యమని నా బస్సులోనే ధర్మవరం వచ్చినాడు. అత్త రెండు రోజుల ముందే అక్కడికి చేరింది. నా పక్క సీటు చూపిస్తే వద్దని, వెనకాల కిటికీ పక్కన కూర్చున్నాడు. ధర్మవరంలో అందరూ దిగిపోయినారు. ఇంజను ఆపి వెనక్కి తిరిగి చూస్తే, తల కిటికీ ఊచకు ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. ముఖం మీద ఎండ పడుతోంది. లేపబుద్ధి కాలేదు. కిటికీ ఊచలకు నా తువ్వాలు కట్టి, బస్సు మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ ఉండిపోయినాను.